తలంబ్రాలు లేని పెళ్లి

మా పాత ఖాతాదారులందరికీ నమస్కారం.

పోయిన దసరాకు ముందు దుకాణం బయట పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. "మీ పాత పెళ్లి క్యాసెట్ ఇక బ్లూ-రే నాణ్యతలో" అని, పక్కన పసుపు అక్షరాలతో 3,500 రూపాయలు అని. బ్లూ-రే అంటే డీవీడీ తరువాత వచ్చిన, ఇంకా వివరంగా బొమ్మ పట్టే డిస్కు. హనుమకొండ చౌరస్తా నుంచి వచ్చేవాళ్లకు సందు మలుపులోనే కనిపించేది. మొన్న సోమవారం నేనే నిచ్చెన వేసుకుని దాన్ని దించాను. దాన్ని నమ్మి క్యాసెట్లు ఇచ్చిన కుటుంబాలు 11. ఆ 11 ఇళ్లకూ నేను సమాధానం చెప్పుకోవాలి. మిగతావాళ్లు కూడా వింటే మంచిది, రేపు మీరూ వచ్చి అడిగేది ఇదే కాబట్టి.

సంగతి ఎలా బయటపడిందో చెబుతాను. కాజీపేటలో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఉన్నారు. నేను సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చే రోజుల నుంచి మా దుకాణానికి వస్తున్న పెద్దమనిషి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం డిస్కు సంచిలో వేసుకుని వచ్చారు. కోపంగా ఏమీ లేరు. కూర్చుని, మంచినీళ్లు తాగి, "ఏమయ్యా, మా పెళ్లిలో బియ్యం ఎవరు ఎత్తుకుపోయారు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. డిస్కు వేయించి చూపించారు. పెళ్లికొడుకు దోసిలి ఎత్తుతున్నాడు, పెళ్లికూతురి తల మీద వంచుతున్నాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంటోంది. చుట్టూ ఆడవాళ్లు నవ్వుతున్నారు. దోసిలిలోంచి మాత్రం ఏమీ పడటం లేదు. తరువాత చూస్తే ఇద్దరి ఒళ్లోనూ పీటల మీదా బియ్యం కుప్పలుగా ఉంది. పైనుంచి పడకుండా కిందికి ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన వెళ్లిపోయాక, క్యాసెట్ నుంచి నేను మొదట తీసి దాచుకున్న కాపీ పెట్టి చూశాను. మసకగా ఉంది. పట్టుచీర ఎరుపు చీర అంచు దాటి పక్కనున్న గోడ మీదికి కారుతోంది. తెర అడుగున ఒక పట్టీ వణుకుతోంది. కానీ గింజలున్నాయి. ఒక్కో దోసిలికీ పసుపు రంగు జల్లు, ఒకటి రెండు గింజలు కెమెరా అద్దం ముందు నుంచి కూడా ఎగిరిపోయాయి.

ఇప్పుడు నేను మీకు చెప్పకుండా దాచిన మాట. ఆ బ్లూ-రే పని నేను చేసింది కాదు. క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి తీయడం వరకే నాది. అక్కడి నుంచి హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌కు పంపేవాణ్ని. వాళ్లు సాఫ్ట్‌వేర్‌తో బొమ్మను పెద్దది చేసి, "శుభ్రం" చేసి, డిస్కు మీద ఎక్కించి పంపేవారు. మీలో ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా, ఎక్కడ చేస్తారని. మన దగ్గరే అన్నాను. ముప్పై ఏళ్లుగా అన్నీ మన దగ్గరే చేసిన మనిషిని, ఒకచోట చేయలేకపోతున్నానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ల్యాబ్‌లో జరిగింది ఇది. పాత టేపు మీద పూత రాలిన చోట తెర మీద తెల్ల చుక్కలు, గీతలు ఒక్క క్షణం మెరిసి పోతాయి. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. వాటిలో ఒక్కదానిలో మాత్రమే కనిపించే చుక్కను ఆ సాఫ్ట్‌వేర్ మచ్చగా లెక్కగట్టి, ముందు వెనక ఫ్రేముల నుంచి ముక్క తెచ్చి పూడ్చేస్తుంది. గాలిలో ఉన్న బియ్యపు గింజ కూడా అంతే కదా, ఈ ఫ్రేములో ఇక్కడుంటుంది, తరువాతి ఫ్రేములో అక్కడుండదు. అందుకని ఒక్క గింజ వదలకుండా తుడిచిపెట్టింది. మనిషి కూర్చుని చూసి ఉంటే రెండు నిమిషాల్లో పట్టుకునేవాడు. ఎవరూ చూడలేదు. వాళ్లు చూడలేదు, వాళ్ల నుంచి వచ్చాక నేనూ డిస్కు ఆడుతోందా లేదా అని మొదటి ఐదు నిమిషాలు చూసి డబ్బాలో పెట్టి ఇచ్చాను.

ఆ ల్యాబ్‌కు ఆరుసార్లు ఫోన్ చేశాను. మొదట "అది సెట్టింగ్ అండీ" అన్నారు. తరువాత "మచ్చల తొలగింపు మొత్తం పెట్టమన్నది మీరే" అన్నారు. నేను అనలేదు. అలాంటి మీట ఒకటుందని కూడా నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పే, కానీ అన్నానంటే ఊరుకోను. మళ్లీ చేసి ఇమ్మంటే క్యాసెట్‌కు 800 అదనం అడిగారు. నాలుగోసారి మాట్లాడిన కుర్రవాడు, "జనానికి మెరుపు కావాలి సార్, గింజలు ఎవరు లెక్కపెడతారు?" అన్నాడు. కాజీపేట నుంచి ఒకాయన లెక్కపెట్టుకుంటూ వచ్చారు నాయనా అన్నాను. ఐదోసారికి ఎత్తలేదు. ఆరోసారి నేనే ఫోన్ పెట్టేసి, వాళ్లకు ఇవ్వాల్సిన చివరి బిల్లు పైసాతో సహా పంపించాను. ఎందుకు పంపించావని మా తమ్ముడు ఇప్పటికీ తిడుతున్నాడు. బాకీ ఉంచుకుని పోట్లాడటం నా చేత కాదు.

అసలు తప్పు మాత్రం ఫ్లెక్సీలోనే ఉంది. "బ్లూ-రే నాణ్యత" అనే మాటకు క్యాసెట్ దగ్గర అర్థమే లేదు. పావు లీటరు పాలు బిందెలో పోస్తే బిందెడు పాలవుతాయా? డిస్కు ఒక పాత్ర. డీవీడీకి ముందు వచ్చిన వీసీడీలో బొమ్మకు 352 అడ్డం, 288 నిలువు చుక్కలు. డీవీడీలో 720, 576. బ్లూ-రేలో 1920, 1080, అంటే డీవీడీకి సరిగ్గా ఐదు రెట్లు. ఒకే పొర ఉన్న డీవీడీలో 4.7 జీబీ పడితే అలాంటి బ్లూ-రేలో 25 జీబీ పడుతుంది, ఎందుకంటే డీవీడీని చదివేది ఎర్ర లేజరు, బ్లూ-రేని చదివేది నీలం వైపు తిరిగిన సన్నటి లేజరు. సన్న కలంతో రాస్తే అదే కాగితం మీద ఎక్కువ పడుతుంది కదా. ఇవన్నీ పాత్ర కొలతలు. వీహెచ్ఎస్ అనే మీ పాత క్యాసెట్‌లో ఉన్న పాలెన్ని అంటే అడ్డంగా సుమారు 240 గీతల వివరం. రంగుకైతే అంత కూడా లేదు, చీర ఎరుపు గోడ మీదికి కారేది అందుకే. డీవీడీ పాత్రలో అది పూర్తిగా పట్టి ఇంకా చోటు మిగులుతుంది. పాత చదరపు టీవీ బొమ్మను బ్లూ-రే ఎత్తుకు సాగదీస్తే 1440 అడ్డం, 1080 నిలువు వస్తుంది. ఆ చుక్కల్లో నాలుగింట దాదాపు మూడు వంతులు మీ పెళ్లిలో లేనివి, సాఫ్ట్‌వేర్ ఊహించి పెట్టినవి. వాటికి నేను మీ దగ్గర డబ్బు తీసుకున్నాను.

సినిమా డిస్కులు కొనే పాత మిత్రులు ఇక్కడ నన్ను పట్టుకుంటారని తెలుసు. అదే సినిమా డీవీడీ కన్నా బ్లూ-రేలో బాగుందని మీరే కదా చూపించారు అంటారు. నిజమే, ఇప్పటికీ అదే అంటాను. 35 ఎంఎం ఫిల్ము మీద తీసిన సినిమా నెగటివ్‌లో డీవీడీలో పట్టని వివరం ఎంతో ఉంటుంది. దాన్ని మళ్లీ శ్రద్ధగా స్కాన్ చేస్తే బ్లూ-రేలో చీర నేత కనిపిస్తుంది, దానికన్నా పెద్ద పాత్రైన 4కె డిస్కులో వెలుగునీడలు ఇంకా తేలుతాయి. పాలు ఎక్కువున్నాయి కాబట్టి పెద్ద పాత్ర పనికొచ్చింది. నెగటివ్ జోలికి పోకుండా డీవీడీ కోసం చేసిన పాత మాస్టరు కాపీనే సాగదీసి బ్లూ-రే అట్ట వేసిన డిస్కులూ చూశాం, మొహాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి. నేను చేయించింది ఆ రెండో రకం.

ఒకటి మాత్రం తలంబ్రాల పుణ్యమా అని మళ్లీ కూర్చుని పరీక్షించాను. నా అలమరలో 2000 నాటి వీసీడీ కాపీ కూడా ఉంది ఆ పెళ్లిది. అదే దృశ్యం మూడు డిస్కుల్లో పెట్టి, ఆపి, ముందుకు జరిపి చూశాను. వీసీడీలో పురోహితుడు మంత్రం చదువుతున్నంతసేపూ పరవాలేదు. దోసిలి వంచగానే బొమ్మంతా గళ్ల లుంగీ అయిపోతుంది. డిస్కులో ప్రతి ఫ్రేమూ పూర్తిగా రాయరు, కిందటి ఫ్రేముకూ దీనికీ తేడా ఎంతో, ఎక్కువ భాగం అదే రాస్తారు. కదలని మండపానికి ఖర్చు లేదు. తలంబ్రాలకు వచ్చేసరికి అంతా తేడానే. వీసీడీలో బొమ్మకు సెకనుకు దాదాపు పదకొండున్నర లక్షల బిట్ల సమాచారమే ఇస్తారు, పెంచడానికి లేదు. డీవీడీలో 98 లక్షల దాకా పోవచ్చు. నేను డిస్కుకు రెండు గంటలు మించి ఎక్కించను కాబట్టి సగటున 50 లక్షలు పడతాయి, గింజలు గింజలుగానే ఉంటాయి. ఆరు గంటల పెళ్లి మొత్తం ఒకే డీవీడీలో కావాలని పోట్లాడి చేయించుకున్నవాళ్లు మీలో ఉన్నారు. మీ డిస్కుల్లో తలంబ్రాలు చూసుకోండి, గళ్లే ఉంటాయి. అప్పుడే చెప్పాను.

ఆ రాత్రే మా పెళ్లి క్యాసెట్ కూడా పెట్టాను. నమూనాకని దాన్నే మొదట ల్యాబ్‌కు పంపించాను. బ్లూ-రే చూసి మా ఆవిడ, "బాగానే ఉన్నాను కదా, దీనికేమైంది?" అంది. నిజంగానే చర్మం నిగనిగలాడుతోంది. కాసేపటికి అప్పగింతల దగ్గర ఆపమంది. "మా అమ్మ ముక్కుపుడక ఏది?" అంది. మా అత్తగారు పోయి తొమ్మిదేళ్లు. ముక్కుపుడక లేకుండా ఆమెను చూసినవాళ్లు మా ఇంట్లో లేరు. క్యాసెట్ కాపీలో అది ఉంది, నాలుగైదు చుక్కల మెరుపు, అంతే. బ్లూ-రేలో నున్నటి ముక్కు.

ఇక నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వని సంగతి. 11 కుటుంబాల్లో ఫిర్యాదు చేసింది ఇద్దరే. తొమ్మిది ఇళ్లవాళ్లు సంతోషంగా ఉన్నారు. హుజూరాబాద్‌లో ఒకరు పెళ్లి రజతోత్సవానికి గోడ మీద పెద్దగా వేసి చుట్టాలందరికీ చూపించారు, నాకు మిఠాయి డబ్బా పంపారు. వాళ్లకు చెప్పాలా? బాగుందని మురిసిపోతున్నవాళ్ల దగ్గరికి వెళ్లి మీరు చూసింది మీ అమ్మ మొహం కాదు, అందులో ముప్పావు వంతు కల్పన అని చెప్పడం ఎవరికి మేలు? ఇద్దరికి డబ్బు తిరిగిచ్చి, ఫ్లెక్సీ దించేసి, ఊరుకుందామని ఒకసారి నిర్ణయించుకున్నాను కూడా. ఆ ఇద్దరికీ చీటీలు రాశాను. మరునాడు చించేశాను. మళ్లీ రాశాను.

చివరికి తేల్చింది పరకాల నుంచి వచ్చిన ఒక అమ్మ. ఆమె తొమ్మిది మందిలో ఒకరు. తన క్యాసెట్ మా దగ్గరే ఉండిపోయింది, తీసుకెళ్లమ్మా అన్నాను. "ఇంకెందుకు అన్నా, మంచిది వచ్చింది కదా, ఆ పాత డబ్బా నువ్వే పారెయ్యి" అంది. ఆ మాటతో ఒళ్లు చల్లబడింది. ఆమె తండ్రి నడుస్తూ మాట్లాడుతూ ఉన్నది ఆ డబ్బాలో మాత్రమే. ఇంకెన్ని ఇళ్లలో ఇప్పటికే చెత్తబండిలో పడ్డాయో నాకు తెలియదు. అందుకని చెబుతున్నాను, 11 మందికీ, పేరుపేరునా ఫోన్ చేసి కూడా చెబుతున్నాను. దయచేసి క్యాసెట్ పారేయకండి. నిలువుగా నిలబెట్టి, తేమ తగలని చోట పెట్టండి. వానాకాలం తడి తగిలితే టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. అలా పడి ఉంటే మీరు ఆడించవద్దు, నా దగ్గరికి తెండి.

ఒక్కొక్కరికీ 2,600 తిరిగి ఇస్తున్నాను. 900 ఉంచుకుంటున్నాను, క్యాసెట్ నుంచి తీసి డీవీడీ చేయడానికి నేను ఎప్పుడూ తీసుకునేది అదే. ఆ పని నేను చేశాను, బాగా చేశాను, దానికి ఉచితం అనను. కొత్త డీవీడీ ఇస్తాను, ఏ శుభ్రమూ చేయకుండా. కావాలంటే అదే ఫైలు పెన్ డ్రైవ్‌లో కూడా. బ్లూ-రే మీకు నచ్చి ఉంటే ఉంచుకోండి, చుట్టాలకు చూపించండి, నాకేమీ అభ్యంతరం లేదు.

పదిహేనేళ్లుగా హెచ్‌డీ కెమెరాలతో తీసిన పెళ్లిళ్ల సంగతి వేరు. వాటి అసలు ఫైళ్లు మీ దగ్గర ఉంటే డీవీడీ చేయించడమే నష్టం, అవి బ్లూ-రేలోనో హార్డ్ డిస్కులోనో ఉండాలి. డీవీడీలు చేసి ఇచ్చి అసలు ఫైళ్లు తుడిచేసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. దాని గురించి మరోసారి తిట్టండి.

క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లు చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. నా దగ్గర ఆడేవి రెండు మిగిలాయి, మూడోదాన్ని విప్పి విడిభాగాలకు వాడుతున్నాను. క్యాసెట్లు ఉన్నవాళ్లు వాయిదా వేయకండి. ఇకపై ఏ డిస్కూ నేను మొదటి నుంచి చివరి దాకా చూడకుండా బయటికి వెళ్లదు. అందుకని ఆలస్యమవుతుంది, వారానికి నాలుగు పెళ్లిళ్లకు మించి తీసుకోను.

కాజీపేట సార్, మీ డిస్కు తయారైంది. శనివారం తరువాత ఎప్పుడైనా రండి. గింజలన్నీ ఉన్నాయి. కెమెరా ముందు నుంచి ఎగిరినవి కూడా.