శీనుకి, ఫ్లోరెన్స్ నుంచి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాయకపోవడం నా తప్పే, డిసెంబర్లో వచ్చాక తీరిగ్గా తిడుదువుగాని. ఒంట్లో బాగుంది. లాటిన్ పరీక్ష గట్టెక్కాను. ఆవకాయ అయిపోయింది, అమ్మకి చెప్పకు. ఇక వీటిని వదిలెయ్. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది, శుక్రవారం నుంచి కడుపులో ఆగడం లేదు.

మా క్లాసువాళ్ళందరం ఇటలీలోనే ప్రాతో అనే ఊరికి వెళ్ళాం. ఇక్కడికి దగ్గరే, రైల్లో అరగంట. అక్కడ ఫ్రాంచెస్కో దాతీని అనే వర్తకుడి ఇల్లుంది. 1410లో పోయాడు. కాయితం పారేయడం తెలియని మనిషి. 1870లో ఆ ఇంట్లో మెట్ల కింద సంచులు బయటపడితే, వాటిలో సుమారు లక్షన్నర ఉత్తరాలు, 500కు పైగా లెక్కల పుస్తకాలు! లక్షన్నర, శీనూ! ఇప్పుడు ఆ ఇంట్లోనే వాటిని భద్రం చేశారు.

ఆయన లెక్కల పుస్తకాల్లో పైన రాసుకునే మాట ఏమిటో తెలుసా? "దేవుడి పేరిట, లాభం పేరిట." ప్రొఫెసర్ అర్థం చెప్పగానే మీ తాతయ్య కళ్ళముందు కనపడ్డారు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు కదా, "లాభం... రెండు... మూడు..." అనేవారు. అక్కడే అందరికీ చెప్పాను. ప్రొఫెసర్ నాచేత రెండుసార్లు పలికించుకుని, "లాభం" అని తన నోట్సులో రాసుకున్నారు.

అసలు సంగతి ఇది కాదు. దాతీని భార్య మార్గరీతా. ఆమెకి సుమారు పదహారేళ్ళప్పుడు పెళ్ళి, అతనికి నలభై. పెళ్ళయ్యాక చాలా కాలం ఆయన వ్యాపారం మీద ఒక ఊళ్ళో, ఆవిడ ఇంకో ఊళ్ళో. నూనె, పిండి, పనివాళ్ళు, అప్పులు, అలకలు, అన్నీ ఉత్తరాల్లోనే. ఆవిడ రాసినవే దాదాపు 250 మిగిలాయి. మొదట్లో ఆవిడకి రాయడం రాదు. తను చెబుతుంటే గుమస్తా ఎవరో రాసేవాడు. ముప్పై దాటిన వయసులో కూర్చుని దిద్ది నేర్చుకుంది! లాపో మజ్జేయి అని వాళ్ళ స్నేహితుడు, నోటరీ, ఆశ్చర్యపోయి మెచ్చుకున్నాడు.

అక్కడ పనిచేసే ఆవిడ ఒకరు రెండు ఉత్తరాలు పక్కపక్కనే పెట్టి చూపించారు. ఒకటి గుమస్తా రాసింది. గొలుసుకట్టు రాత, నీళ్ళలా సాగిపోతోంది. రెండోది మార్గరీతా సొంత చేత్తో రాసింది. అక్షరాలు దేనికది విడిగా, తడబడుతూ నిలబడ్డాయి. చిన్నగా మడిచిన మడతలు, దారం గుచ్చిన చిల్లులు అన్నీ అలాగే ఉన్నాయి. సిరా తుప్పు రంగుకి తిరిగింది. మాచికాయ, అన్నభేది కలిపి చేసిన సిరా అట. మన మూలికల కొట్లో దొరికేవే కదా రెండూ! 'పి' అక్షరం తోకకి అడ్డగీత ఉంటే 'పెర్' అని చదవాలని నేర్పారు. ఆ గుర్తు పట్టుకుని ఒక పంక్తి నా అంతట నేనే చదివాను. చేతులు వణికాయిరా.

అప్పుడు గుర్తొచ్చింది మీ బామ్మే. ఫోనులో చెప్పింది గాలికి పోతుందని, మీ బాబాయికి నీచేత ఇన్‌లాండ్ లెటర్లు రాయించేది. నువ్వు మధ్యలో ఎర్ర సైకిల్ కలిపేసేవాడివి. (ఆ సైకిల్ ఊసు బాబాయి ఇంకా ఎత్తుతున్నాడా?) చివర మాత్రం కలం తనే లాక్కుని "సుబ్బమ్మ" అని రాసేది. బ వత్తు కిందికి జారి, మ వత్తు కాయితం అంచు దాటి. రాత్రిబడిలో నేర్చుకున్న ఆ ఒక్క మాట. మనం నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది.

మా మేజర్‌కి, అదే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకి, ఒక డిపార్ట్‌మెంట్ అంటూ లేదు. చరిత్ర, కళలు, తత్వశాస్త్రం, సంగీతం, ఎక్కడ దొరికితే అక్కడ కోర్సులు ఏరుకోవాలి. చివర్లో ఒక థీసిస్. ఫ్లోరెన్స్ బ్యాంకుల మీద చేస్తానని నాన్నకి మాటిచ్చాను. బ్యాంకు అన్న మాట వింటే ఆయనకి కాస్త ధైర్యం. కానీ నాకు మార్గరీతా మీద చేయాలనుంది. చెప్పించి రాయించినప్పుడు ఆవిడ ఏ మాట అనలేదు, తన చేత్తో రాసుకున్నప్పుడు ఏది అనగలిగింది, అది చూడాలి. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో... సరే, అది ఇంకోసారి.

ఒక్క పని చెయ్యాలి నువ్వు. బాబాయి ఆ ఇన్‌లాండ్ లెటర్లు దాచాడేమో అడుగు. బీరువా పైన, ట్రంకు పెట్టెలో, ఎక్కడున్నా సరే. దొరికితే బామ్మ సంతకం ఉన్న మడత ఫోటో తీసి

బస్సు వచ్చేస్తోంది. ఉంటాను.

నీ
రాజు