మన తెలుగు సంఘం, బల్లార్‌పూర్ (మహారాష్ట్ర): 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. చందా బాకీదారుల పేర్లు చదవడం ఈసారి మానుకున్నాం, ఎవరి సంగతి వారికి తెలుసు. మిగిలిన కాగితమంతా డిసెంబరు 3 సాయంత్రానికే.

దివ్యాంగుల దినోత్సవం నాడు ఏటా ఇద్దరు ముగ్గురికి శాలువాలు కప్పి పంపేవాళ్లం. ఈసారి మన సభ్యులైన ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు షాట్‌పుట్ క్రీడాకారుడు సచిన్ సర్జేరావ్ ఖిలారీ గురించి గంటసేపు మాట్లాడారు. ‘తెలుగు సంఘంలో మరాఠీ మనిషి కథ దేనికి?’ అని వెనుక వరుసలో ఎవరో గొణిగారు. బొగ్గు గనులకూ కాగితం మిల్లుకూ తాతలు వచ్చిననాటి నుంచి మనం తాగుతున్నది వార్ధా నీళ్లే కదా! గొణిగినవారు చివరిదాకా కదల్లేదు, అది వేరే సంగతి.

ఖిలారీది సాంగ్లీ జిల్లా ఆట్‌పాడి తాలూకాలోని కరగణి, రైతు కుటుంబం. బడి రోజుల్లో సైకిలు మీద నుంచి పడి ఎడమ చెయ్యి విరిగింది. గాంగ్రీన్ సోకడంతో ఆ చెయ్యి మళ్లీ మామూలు కాలేదు. మెకానికల్ ఇంజినీరింగు చదివారు, పోటీ పరీక్షలకు వెళ్లేవారికి పాఠాలూ చెప్పారు. మొదట విసిరింది జావెలిన్. భుజానికి దెబ్బ తగిలాక షాట్‌పుట్‌కు మారారు. 2023లో పారిస్ ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 16.21 మీటర్లతో స్వర్ణం, అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో ఇంకొకటి, 2024 మేలో కోబేలో 16.30తో మళ్లీ ప్రపంచ స్వర్ణం. సెప్టెంబరు 4న పారిస్ పారాలింపిక్స్‌లో చేతి లోపం ఉన్నవారు పోటీపడే ఎఫ్46 విభాగంలో 16.32 విసిరి రజతం అందుకున్నారు. కెనడాకు చెందిన గ్రెగ్ స్టీవర్ట్ విసిరినది 16.38. ఆ తేడా ఎంతో చూపడానికి మాస్టారు జేబులోంచి అగ్గిపెట్టె తీసి, దీని పొడవు కన్నా కాస్త ఎక్కువ అన్నారు. సభలో చప్పుడు లేదు. అంతకు ముందు రోజే మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి అక్కడే 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిందని చెప్పగానే మాత్రం చప్పట్లు ఆగలేదు.

‘విసిరేది కుడిచేత్తోనే కదా, ఎడమది లేకపోతే ఏమి?’ అని ఒక కుర్రవాడు అడిగాడు. మాస్టారు అతని ఎడమచేతిని తువ్వాలుతో నడుముకు కట్టి ఆరు కిలోల గుండు ఇచ్చారు. ఒళ్లు అదుపు తప్పి కుర్రవాడు గీత దాటి తూలాడు. గుండు అతని పాదాలకు జానెడు దూరంలో పడింది. ఇంకెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఆ రాత్రే శాలువాల డబ్బుతో సంఘం స్థలంలో షాట్‌పుట్ వలయం కట్టించాలని తీర్మానించాం. కొలత చెప్పడంలో పొరపాటు నాదే. 2.135 మీటర్ల వ్యాసానికి బదులు డిస్కస్‌కు ఉండే 2.5 మీటర్లు చెప్పాను. కాంక్రీటు ఆరాక గాని తెలియలేదు. దాన్ని పగలగొట్టకుండా డిస్కస్‌కు ఉంచి, పక్కనే రెండోది పోయించాం. అందుకే ఈసారి నిల్వ తగ్గింది, కోశాధికారిని తప్పు పట్టవద్దు. ముందువైపు బిగించాల్సిన చెక్క అడ్డుపలక వడ్రంగి దగ్గరే ఉంది, వచ్చే ఆదివారం తెస్తానన్నాడు.

కార్యదర్శి