సోడియం, హాలైడ్ సెట్లు ఇక తెప్పించడం లేదు: లెక్కలు, పాత సెట్లున్నవాళ్లు చేయాల్సిన పనులు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి మా దగ్గర మొక్కల లైట్లు తీసుకునే అందరికీ ఒక మాట. ఈ సీజన్ నుంచి మా కొట్టులో కొత్త హెచ్‌ఐడీ సెట్లు, అంటే 250, 400, 600 వాట్ల సోడియం వేపర్, మెటల్ హాలైడ్ లైట్లు దొరకవు. పాతవి వాడుతున్నవాళ్లకి బల్బులు, చోకులు (బల్బుకి పోయే కరెంటుని అదుపులో ఉంచేవి), ఇగ్నైటర్లు (బల్బుని వెలిగించేవి), కెపాసిటర్లు మాత్రం ఉంచుతాం. లాభం ఎక్కువని ఎల్‌ఈడీకి మారారా అని కొందరు అడుగుతున్నారు. అలా అడగడం న్యాయమే. అందుకే లెక్క మొత్తం మీ ముందు పెడుతున్నాం.

ల్యూమెన్లు మన కంటికి పనికొచ్చే కొలత. ఆకు వాడుకునే కాంతిని మైక్రోమోల్‌లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్ పడుతున్నాయో అదే అసలు సంగతి. మైక్రోగ్రీన్స్‌కి (మొలకల దశలోనే కోసే లేత ఆకులకి) 100 నుంచి 150, పాలకూర, కొత్తిమీర లాంటి ఆకుకూరలకి 150 నుంచి 250 ఉండాలి. మిరప, టమాటా కాయాలంటే 400 పైన కావాలి. మనీ ప్లాంట్‌కి 50 వచ్చినా హాయిగా పెరుగుతుంది.

మొదటి కారణం కరెంటు ఖర్చు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న గది తీసుకుందాం. అంటే 9.3 చదరపు మీటర్లు. ఆకుకూరలకి 200 చొప్పున మొక్కల మీద మొత్తం 1,860 మైక్రోమోల్ పడాలి. గోడలకీ నడిచే దారికీ ఐదో వంతు పోతుందనుకుంటే లైట్ల నుంచి 2,325 రావాలి. వాట్‌కి 2.5 మైక్రోమోల్ ఇచ్చే మంచి ఎల్‌ఈడీ అయితే 930 వాట్లతో పని అయిపోతుంది. 400 వాట్ల సోడియం బల్బు సుమారు 600 మైక్రోమోల్ ఇస్తుంది. దాని వెలుతురు అన్ని వైపులకీ పోతుంది కాబట్టి రిఫ్లెక్టర్‌లోనూ గోడల మీదా 30 శాతం దాకా పోగొట్టుకుంటాం. నాలుగు సెట్లు బిగించినా మొక్క మీద 180 దగ్గరే ఆగుతుంది. చోక్‌తో కలిపి ఒక్కో సెట్ 440 వాట్ల దాకా లాగుతుంది, నాలుగింటికీ 1,760.

తేడా 830 వాట్లు. రోజుకి 16 గంటలు వెలిగితే 13 యూనిట్లు.

బిల్లు అక్కడితో ఆగదు. గదిలో లైటు లాగిన ప్రతి వాటూ చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ మూడు వాట్లకి ఒక వాటు చొప్పున తీసుకుంటుంది. అదనపు 830 వాట్ల వేడికి ఏసీ మీద రోజుకి ఇంకో నాలుగు యూనిట్ల పైన పడుతుంది. రెండూ కలిపితే నెలకి 530 యూనిట్ల దగ్గర తేలుతుంది. దీన్ని మీ బిల్లులో సగటు రేటుతో కాకుండా పై స్లాబు రేటుతో గుణించండి, ఎందుకంటే ఈ అదనపు యూనిట్లు వెళ్లి పడేది అక్కడే. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని లాగుతుంది. అంటే నాలుగు సోడియం సెట్లకే అర టన్ను పోయింది. రోహిణి కార్తెలో బయట 43 డిగ్రీలుంటే ఏసీ ఆ అర టన్నూ పూర్తిగా ఇవ్వలేదు. చలి దేశాల గ్రీన్‌హౌసుల్లో సోడియం వేడి చలికాలంలో గదిని వెచ్చగా ఉంచడానికి పనికొస్తుంది కాబట్టి అక్కడి లెక్క వేరు. అక్కడివాళ్లు రాసింది చదివి ఇక్కడ కొనకండి.

రెండో కారణం మన కరెంటు నిలకడగా ఉండకపోవడం. వోల్టేజీ ఒక్కసారిగా పడితే సోడియం, హాలైడ్ బల్బులు ఆరిపోతాయి. వేడిగా ఉన్న బల్బు వెంటనే వెలగదు, చల్లబడాలి. సోడియం మళ్లీ పూర్తి వెలుతురుకి రావడానికి ఐదు నిమిషాల పైనే పడుతుంది, హాలైడ్‌కి పది పదిహేను నిమిషాలు. సాయంత్రం పూట కరెంటు నాలుగుసార్లు వచ్చి పోయే ఊళ్లలో ఇది చిన్న నష్టం కాదు, బల్బు ఆయుష్షూ తగ్గుతుంది. మంచి ఎల్‌ఈడీ డ్రైవర్ (లైనులో వచ్చే కరెంటుని ఎల్‌ఈడీకి సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె) 100 నుంచి 277 వోల్టుల మధ్య ఏమాత్రం తేడా లేకుండా పనిచేస్తుంది.

మూడోది, ర్యాకులు. అరకీ అరకీ మధ్య అడుగున్నర ఎత్తుంటే 400 వాట్ల సోడియం పెట్టడం కుదరదు, ఆకు మాడుతుంది. దానికి మొక్క నుంచి కనీసం అడుగున్నర, రెండడుగుల దూరం కావాలి. ఎల్‌ఈడీ బార్లు ఎనిమిది అంగుళాల నుంచి అడుగు దూరంలో చాలు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న అరకి 75 వాట్ల ఎల్‌ఈడీతో 200 మైక్రోమోల్ వస్తుంది, 16 గంటలకి 1.2 యూనిట్లు.

ఇక ఎల్‌ఈడీలో చెడిపోయేవి ఏమిటో కూడా చెప్పాలి. ఎల్‌ఈడీ 50,000 గంటలు వస్తుందని డబ్బా మీద రాస్తారు. ఆ లెక్క చిప్పుకి సంబంధించింది. ముందు పోయేది డ్రైవర్. డ్రైవర్ లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. అందుకే లైటు వీపున అతికించిన డ్రైవర్ ఉన్న మోడళ్లని మేం తీసుకోవడం మానేశాం. డ్రైవర్ విడిగా ఉండి, విప్పి గది బయట గోడకి బిగించుకునే రకమే అమ్ముతాం. పోతే డ్రైవర్ ఒక్కటే మార్చుకోవచ్చు. గదిలో వేడి కూడా కొంత తగ్గుతుంది.

సముద్రం దగ్గరున్న ఇళ్లలో, రొయ్య పిల్లల హేచరీల్లో ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబారి, బోర్డు మీద టంకాలు తినేసుకుపోతాయి. అక్కడ ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోని) డ్రైవర్, సిలికాన్ పూత ఉన్న బోర్డు తప్ప వేరేది పెట్టొద్దు. హేచరీల్లో ఆల్గే (పిల్లలకి మేతగా పెంచే నాచు) గదులకి ఊదా రంగు లైట్లు అడుగుతున్నారు, అవి వద్దు. తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులే మేలు. పెరుగుతున్న ఆల్గే రంగు మారిందో లేదో కంటికి కనపడాలి కదా.

కనిగిరి వైపు ఉప్పు బోరు నీళ్లతో స్ప్రే చేసేవాళ్ల లైట్ల మీద తెల్ల పొర పేరుకుంటుంది. లైటు ఆపి, చల్లారాక, మెత్తటి గుడ్డని పలచటి వెనిగర్ నీళ్లలో ముంచి పిండి తుడవండి.

న్యూట్రల్ తెగితే లైనులో 400 వోల్టుల దాకా రావచ్చు. మామూలు డ్రైవర్లు దానికి ఆగవు. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్, ఓవర్ వోల్టేజీ కట్ ఆఫ్ పెట్టించుకోండి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లాభం లేదు. ఎక్కువ డ్రైవర్లు ఒకేసారి ఆన్ అయితే ఎంసీబీ ట్రిప్ అవుతుంది. ఆన్ చేసిన క్షణంలో లాగే ఎక్కువ కరెంటుకి తట్టుకునే సీ కర్వ్ ఎంసీబీ వేసి, లోడు టైమర్ మీద నేరుగా కాకుండా కాంటాక్టర్ (ఎక్కువ లోడు మోసే స్విచ్) మీద పెట్టండి. టైమర్ బ్యాటరీ ఉన్న డిజిటల్‌దే కొనండి. తిరిగే టైమర్ కరెంటు పోయిన ప్రతిసారీ అంతసేపూ వెనకబడుతుంది. కొన్నాళ్లకి పగలూ రాత్రీ తారుమారవుతాయి.

డబ్బా మీద "1000 వాట్లు" అని రాసి, ప్లగ్ దగ్గర కొలిస్తే 100 వాట్ల చుట్టుపక్కల లాగే లైట్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. ఇకపై మేం అమ్మే ప్రతి లైటు మీద మూడు వివరాలు మా చేత్తో రాసి అతికిస్తాం: ప్లగ్ దగ్గర లాగే వాట్లు, మొత్తం మైక్రోమోల్, డ్రైవర్ కంపెనీ. వేరే చోట కొన్నా ఈ మూడూ అడగండి. చెప్పలేకపోతే తీసుకోకండి.

ఇంట్లో ఫోన్ లక్స్ యాప్‌తో సుమారుగా చూసుకోవచ్చు. తెల్ల ఎల్‌ఈడీ కింద వచ్చిన లక్స్‌ని 70తో భాగిస్తే మైక్రోమోల్, సోడియం కింద అయితే 82తో. ఊదా లైట్లకి ఈ లెక్క పనిచేయదు, యాప్ చాలా తక్కువ చూపిస్తుంది.

సోడియం నుంచి ఎల్‌ఈడీకి మారినవాళ్లు మొదటి నెలలో ఎక్కువగా దెబ్బతినేది నీళ్ల దగ్గర. సోడియం ఆకుని నేరుగా వేడి చేస్తుంది, ఎల్‌ఈడీ అంతగా చేయదు. ఆకు ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది కాబట్టి నీరు తక్కువ తాగుతుంది. పాత అలవాటు ప్రకారం పోస్తే కోకోపీట్ తడిగానే ఉండి నారుకుళ్లు వస్తుంది, చిన్న నల్ల దోమలు చేరతాయి. కుండీ బరువు చూసి పోయండి. ఏసీని రెండు మూడు డిగ్రీలు పెంచి 26, 27 దగ్గర పెట్టండి. లేత ఆకుల అంచులు మాడుతుంటే ఎరువు వేయకండి. చాలాసార్లు అది కాల్షియం ఆకు చివరికి చేరకపోవడం వల్లే. ఒక చిన్న ఫ్యాన్ పెట్టి గాలి ఆడేలా చేస్తే తగ్గుతుంది. లైటు మరీ దగ్గరైతే పై ఆకులు తెల్లబడతాయి, అది పోషకాల లోపం అనుకుని మందులు కొట్టొద్దు.

పాత సెట్లున్నవాళ్లు వాటిని ఇప్పుడే పారేయనక్కరలేదు. రోజుకి నాలుగైదు గంటలే, అదీ చలికాలంలోనే వెలిగిస్తుంటే ఎల్‌ఈడీ పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. చోక్ పోయేదాకా వాడుకోండి. సోడియం బల్బు వెలుగుతూ, కాసేపటికి ఆరుతూ, చల్లారాక మళ్లీ వెలుగుతుంటే ముందు మార్చాల్సింది బల్బే, చోక్ కాదు. పోయిన బల్బుని అలాగే ఆన్‌లో వదిలేస్తే ఇగ్నైటర్ వేల వోల్టుల దెబ్బలు కొడుతూనే ఉండి, చోక్ కూడా పాడవుతుంది. బల్బు వాటేజీ, చోక్ వాటేజీ ఒకటే ఉండాలి. రోజూ వాడేవాళ్లు 10,000 గంటలకి బల్బు మార్చండి. కంటికి బాగానే కనిపిస్తుంది, వెలుతురు మాత్రం తగ్గిపోయి ఉంటుంది.

హాలైడ్ బల్బు పై గాజు పగిలి లోపలిది వెలుగుతుంటే వెంటనే ఆపండి, దాని నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటినీ చర్మాన్నీ కాలుస్తాయి. ఈ బల్బుల్లో పాదరసం ఉంటుంది. చెత్తలో వేయకుండా మాకు తెచ్చివ్వండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి పంపుతాం.

అదే హోల్డర్‌లో ఎల్‌ఈడీ కార్న్ బల్బు (మొక్కజొన్న కంకిలా చుట్టూ చిప్పులున్న బల్బు) బిగించేవాళ్లు ముందు చోక్, ఇగ్నైటర్, కెపాసిటర్ మూడూ తీసేయించి హోల్డర్‌కి నేరుగా 230 వోల్టులు ఇప్పించాలి. ఇగ్నైటర్ వదిలేస్తే స్విచ్ వేయగానే ఎల్‌ఈడీ పోతుంది. దానికి వారంటీ ఇవ్వం. వీధి లైట్ల నుంచి తీసిన పాత సోడియం సెట్లు తుక్కు కొట్లలో చవకగా దొరుకుతున్నాయి. వాటి చోకుల వార్నిష్ ఎండిపోయి ఉంటుంది, ఇంట్లో పెట్టొద్దు.

తూర్పు కిటికీ దగ్గర మనీ ప్లాంటో స్నేక్ ప్లాంటో ఉన్నవాళ్లు మా దగ్గర ఏమీ కొనక్కర్లేదు. కిటికీ లేని మూలైతే మామూలు 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబులైటు) అడుగు ఎత్తులో పెట్టి 12 గంటలు వెలిగించండి. మైక్రోగ్రీన్స్ ఒక అర మాత్రమే పెంచేవాళ్లకి అలాంటివి నాలుగు చాలు.

కొత్తగా లైట్లు కావాల్సినవాళ్లు వచ్చేటప్పుడు గది కొలతలు, అర ఎత్తు, ఏ మొక్కలు, ఎన్ని గంటలు వెలిగిస్తారో రాసుకుని, చివరి కరెంటు బిల్లు తీసుకురండి. పై లెక్క మీ గదికి వేసి కాగితం మీద ఇస్తాం. కొనడం తర్వాతి సంగతి.