ఎవరి మీద ఫిర్యాదు చేశానో వాడికే ఓటీపీ పంపుతారా?

తిరుపతి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: నాకు తెలియకుండా నా బీమా పాలసీలో నామినీ మార్పు, ఐదు నెలలుగా జవాబు లేకపోవడం

అయ్యా,

16 ఏళ్లుగా మీకు ఒక్క వాయిదా తప్పకుండా ప్రీమియం కట్టినవాణ్ణి. యాక్సిడెంట్లో నడుము కింద చచ్చుబడిన ఏడాది కూడా మా ఆవిడ గాజులు కుదవ పెట్టి కట్టింది. ఆమె పోయాక నన్ను చూసుకుంటానని మా మేనల్లుడు ఇంట్లో చేరాడు. మార్చిలో నామినీగా మా అమ్మాయి పేరు పోయి వాడి పేరు ఎక్కింది. అదే రోజు ఫోన్ నెంబరూ మారింది.

వాడి సంగతి పోలీసులు చూస్తారు. నా బాధ మీతో.

కస్టమర్ కేర్‌కు 7 సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఒకటే మాట: "రిజిస్టర్డ్ నెంబరుకు వచ్చిన ఓటీపీ చెప్పండి సార్." ఆ నెంబరు వాడిదమ్మా, అదే నా ఫిర్యాదు అంటే ఫోన్ పెట్టేశారు.

కొర్లగుంట నుంచి ఆటోలో మీ బ్రాంచికి వచ్చాను. మొదటి అంతస్తు, లిఫ్టు లేదు. ఆటో డ్రైవరూ, కింద టీ కొట్టు అబ్బాయీ నన్ను ఎత్తుకొని పైకి తెచ్చారు. కౌంటర్లో అమ్మాయి నా వైపు చూడనైనా లేదు. "ఈయనకేం కావాలంట?" అని డ్రైవర్‌ను అడిగింది. నాకు చచ్చుబడింది కాళ్లు, నోరు కాదు. చేతులూ బాగున్నాయి, ఎప్పుడూ సంతకమే పెడతాను. మీరు చూపించిన ఫారం మీద ఉన్నది వేలిముద్ర. సాక్షి మా మేనల్లుడే! అది చూసి కూడా "అన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నారు.

"నామినీ డబ్బు అందుకునేవాడే, హక్కు వారసులదే కదా" అని మీ మేనేజర్ ఓదార్చారు. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం కూతురు నామినీ అయితే ఆ డబ్బు నేరుగా తనదే. వాడి చేతికి పోయాక నా బిడ్డ కోర్టుల చుట్టూ తిరగాలా?

వారానికి ఫిర్యాదు మూసేశామని మెసేజ్ పంపారు. వాడి ఫోన్‌కు. ఆ సాయంత్రం వచ్చి, "కంపెనీ దాకా ఎందుకు పోయినావు మామా?" అన్నాడు. ఆ రాత్రి నా చక్రాల కుర్చీని మంచానికి అందనంత దూరంలో పెట్టి పడుకున్నాడు. తెల్లారేదాకా నేను కదల్లేదు. దానికి కారణం మీరు పంపిన మెసేజ్. ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ మానుకొని నా దగ్గరుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చదవండి. సాయం చేసే మనిషికీ వికలాంగుడికీ డబ్బు విషయంలో ప్రయోజనాలు అడ్డం పడితే, ఆ లావాదేవీలో సాయం చేసేవాడు తప్పుకోవాలి. బీమా చట్టం 39వ సెక్షన్ ప్రకారం నామినీ మారిస్తే పాలసీదారుకు రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలి. నాకు రాలేదు. ఎవరికిచ్చారు?

మా అమ్మాయి పేరు, నా నెంబరు మళ్లీ ఎక్కించండి. అంతవరకూ ఈ పాలసీ మీద లోనుగానీ సరెండర్‌గానీ ఎవరడిగినా ఆపండి. రెండు వారాల్లో తేల్చకపోతే హైదరాబాద్‌లో బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతాను, కలెక్టర్ గారి దగ్గర అర్జీ పెడతాను. ఈసారి ఎవరు ఎత్తుకొని పోవాల్సి వచ్చినా పోతాను.

జవాబు రిజిస్టర్డ్ పోస్టులో నా పేరు మీద, నా చేతికే రావాలి. ఆ ఫోన్‌కు ఇంకొక్క మెసేజ్ కూడా పంపొద్దు.

ఇట్లు,
మీ పాలసీదారు