గోడ మీది అట్ట ముక్క తీసేశాను

హనుమకొండ చౌరస్తా దగ్గరి మా రిపేరు దుకాణానికి వచ్చేవారికి ఆ అట్ట ముక్క గుర్తుండే ఉంటుంది. "టేపు రికార్డరులో గోల పోవాలంటే ముందు వాల్యూమ్ తగ్గించండి. పోకపోతే ప్లగ్గు పీకండి. అప్పటికీ వినిపిస్తే ఆ గోల పక్కింటిది." రాసింది నేనే. నిన్న తీసేసింది కూడా నేనే.

బతుకమ్మ పండుగకు ముందు ఒక పెద్దాయన వచ్చి, టేపులో పాట ఊగుతోందన్నారు. సోల్డరింగ్ పనిలో ఉండి తల కూడా ఎత్తకుండా "గొంతు పట్టేసింది కాకా, కాస్త కొబ్బరినూనె పట్టించండి" అన్నాను. ఆయన పట్టించారు. మర్నాడు మూత తెరిస్తే తలంటు వాసన. టేపును లాగే రబ్బరు రోలరు జారిపోతోంది, బెల్టు ఉబ్బి వదులైంది. బతుకమ్మ పాట చెరువులో మునిగి తేలుతున్నట్టు ఉంది. రోలరును స్పిరిట్‌తో తుడిచి, కొత్త బెల్టు వేసి, పైసా తీసుకోకుండా ఇచ్చాను.

ఇక వేళాకోళం లేకుండా చెబుతాను. గుంయ్ మనే మోత ఉంటే సెట్టును బ్యాటరీల మీద నడిపి చూడండి. అప్పుడు ఆగిపోతే లోపం కరెంటు వైపు ఉన్నట్టే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దానిని చదును చేయాల్సిన కెపాసిటర్ ఎండిపోతే ఆ ఊపు స్పీకర్లోకి వస్తుంది. అది మార్చడం చిన్న పనే. వాల్యూమ్ తిప్పినప్పుడే గరగరమంటే అందులో దుమ్ము చేరింది. పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటే టేపు మీది పాటను చదివే హెడ్ మురికి పట్టింది. తుడిస్తే చాలు, తుడిచి కొత్త హెడ్ డబ్బు అడిగే అలవాటు నాకు లేదు.

బుస మాత్రం వేరు. క్యాసెట్ టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, సెకనుకు 5 సెంటీమీటర్లైనా కదలదు. అంత సన్నని పట్టీ మీది అయస్కాంతపు పొడి చప్పుడే ఆ బుస. బుసను తగ్గించే డాల్బీ పద్ధతిలో రికార్డు చేసిన టేపును డాల్బీ ఉన్న సెట్టులో పెడితే తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పోగొడతానని ఇద్దరు ముగ్గురికి మాటిచ్చాను, అది నా నోటి దురుసు. వారు వస్తే డబ్బు తిరిగి ఇస్తాను.

బెల్టులు హైదరాబాదు కోఠి నుంచి రావాలి. వాటి కోసం సెట్లు ఇచ్చినవారు ఇంకో వారం ఓపిక పట్టండి.

అన్నట్టు, ఆ పెద్దాయన సెట్టు చంకన పెట్టుకుని మెట్లు దిగుతూ ఆగి, "అయితే నువ్వుల నూనె వాడాల్సిందా?" అని అడిగారు. ముఖంలో నవ్వు లేదు.