పక్క గదిలో వినిపించే ఆ దగ్గు గురించి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు పోయి మూడు నెలలైనా రాత్రిపూట పక్క గదిలోంచి ఆయన దగ్గు వినిపిస్తోందనీ, ఎవరికైనా చెబితే మతి చలించిందనుకుంటారేమోననీ రాశావు. ముందు ఆ బెంగ వదిలెయ్యి. డెవీ రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పోయినవారు పక్కనే ఉన్నట్టు అనిపించిందనో, గొంతు వినిపించిందనో వారిలో దాదాపు సగం మంది చెప్పారు. చాలామంది అంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు, ఎక్కువమందికి అది ఊరటే ఇచ్చింది. ఏళ్ల తరబడి ఆ దగ్గుకు అలవాటుపడిన నీ చెవి ఇప్పటికీ దాని కోసమే కాచుకుని ఉంది.

తెల్లవారుజామున గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండి ఒళ్లు కదలడం లేదని కూడా రాశావు, అదీ అలాంటిదే. కలల నిద్రలో మెదడు కండరాలను కదలనివ్వదు; ఆ పట్టు వీడకముందే మెలకువ వస్తే అలా అవుతుంది. నిద్ర చాలనివారికి ఇది ఎక్కువ.

నన్ను కలవరపెట్టింది మరొకటి. ఆ దగ్గు ఏదో కీడుకు సూచన అనుకుని, చేతికొచ్చిన ఉద్యోగానికి జవాబు రాయకుండా ఆగిపోయావు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ ఇలాగే చేశాను. ఆమెకు జ్వరం తగ్గిన రోజున వేసుకున్న గళ్ల చొక్కానే వారం పాటు రోజూ రాత్రి ఉతికి, చంకల్లో తడి ఆరకపోయినా పొద్దున్నే తొడుక్కుని వెళ్లేవాణ్ణి. చొక్కాతో జ్వరం తగ్గదని తెలుసు, కానీ అక్కడ నా చేతిలో ఉన్న పని అదొక్కటే.

జెనిఫర్ విట్సన్, ఆడమ్ గాలిన్‌స్కీ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాలు చదివాక నన్ను నేను క్షమించుకోగలిగాను. పరిస్థితి తమ చేయి దాటిందన్న భావన కలిగినవారికి, ఉత్త చుక్కలు తప్ప ఏమీ లేని చిత్రాల్లో కూడా ఆకారాలు కనిపించాయి. అయితే తాము విలువైనవిగా భావించే విషయాలను గుర్తుచేసుకునే అవకాశం ఇస్తే ఆ ధోరణి తగ్గింది. నాకు ఎంతో ధైర్యమిచ్చింది ఈ రెండో సంగతే.

అందుకే అడుగుతున్నాను: రేపు ఆ ఉద్యోగానికి నీకు తోచిన జవాబు రాసెయ్యి, ఈ వారం పెందలాడే పడుకో. దగ్గు మళ్లీ వినిపిస్తే నాన్నగారిని కాసేపు తలుచుకో. భయం వేస్తే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

ఎప్పటికీ నీ
మిత్రుడు