నార్త్ విల్క్స్‌బరో ట్రాక్‌కి ఇచ్చిన డబ్బు దండగ కాదు, కానీ షరతు ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో పాత కార్ రేస్ ట్రాక్‌ల కోసం ప్రజల సొమ్ము ఖర్చు పెట్టడం దండగ అని షార్లెట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చాలామంది అంటుంటారు. పన్ను కట్టేవాళ్లం కాబట్టి అడగాల్సిందే. కానీ ఈ రాష్ట్రంలోని చిన్న ఊరు నార్త్ విల్క్స్‌బరోలో ఉన్న ట్రాక్ సంగతి మొదటి నుంచీ తెలిస్తే ఆ మాట అనరని నా నమ్మకం.

చిన్న ట్రాక్ అది, ఒక చుట్టు 0.625 మైలు, అంటే మన లెక్కలో కిలోమీటరు. 1947లో ఇనాక్ స్టేలీ, ఇంకొందరు కలిసి మొదలుపెట్టారు. నేల చదును చేయించడానికి డబ్బు చాలక అలాగే వదిలేశారని అక్కడివాళ్లు చెబుతారు, అందుకే ఈ రోజుకీ స్టార్ట్ లైన్ ఉన్న వైపు కార్లు పల్లానికి దిగుతాయి, అవతలి వైపు ఎగువకి ఎక్కుతాయి. టీవీలో ఇది అంతగా తెలియదు, స్టాండ్‌లో కూర్చుంటే స్పష్టంగా కనిపిస్తుంది. 1949లో నాస్కార్ (అమెరికాలో కార్ రేసులు నడిపే పెద్ద సంస్థ) తొలి సీజన్ చివరి రేసు జరిగింది ఇక్కడే.

ఈ ట్రాక్ ఉన్న విల్క్స్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అప్పట్లో నాటుసారాకి పెట్టింది పేరు. పోలీసులకి దొరక్కుండా రాత్రిళ్లు కార్లలో సారా చేరవేసిన కుర్రాళ్లలో కొందరు రేసర్లయ్యారు. ఆ కౌంటీవాడే రేసర్ జూనియర్ జాన్సన్, తన తండ్రి నడిపే సారా బట్టీ దగ్గర తనే పట్టుబడి జైలుకెళ్లొచ్చాడు, మొత్తం మీద 50 పెద్ద రేసులు గెలిచాడు, 1986లో అధ్యక్షుడు రీగన్ ఆయనకి క్షమాభిక్ష ఇచ్చారు. 2024లో స్టాండ్ కింద గుహలాంటి ఖాళీ ఒకటి బయటపడితే, అది కూడా సారా కాచిన చోటే అయ్యుంటుందని ఊళ్లో ఒకటే చర్చ.

ఇలాంటి చోటు మూతపడింది జనం రాకపోవడం వల్ల కాదు. 1995లో స్టేలీ పోయాక సగం వాటా బ్రూటన్ స్మిత్, మిగతా సగం బాబ్ బారే కొన్నారు, ఇద్దరూ వేరే చోట్ల రేస్ ట్రాక్‌లున్న వ్యాపారులు. వాళ్లకి కావాల్సింది ట్రాక్ కాదు, ఏటా ఇక్కడ జరిగే రెండు రేసుల తేదీలు. ఒకటి టెక్సస్‌కి, ఒకటి న్యూ హాంప్‌షైర్‌కి తరలిపోయాయి. 1996 సెప్టెంబరు 29న రేసర్ జెఫ్ గోర్డన్ గెలిచిన రేసుతో కథ ముగిసింది. ఇళ్ల మరమ్మతు సామాన్లు అమ్మే, మనందరికీ తెలిసిన లోస్ కంపెనీ పుట్టింది కూడా ఆ ఊళ్లోనే, దాని హెడ్డాఫీసు కూడా తర్వాత షార్లెట్ దగ్గరి మూర్స్‌విల్‌కి వెళ్లిపోయింది. ఒక చిన్న ఊరు ఎన్ని దెబ్బలు తట్టుకుంటుంది చెప్పండి?

మధ్యలో కొన్నాళ్లు తెరిచినా నిలబడలేదు. ట్రాక్ నిండా పిచ్చిమొక్కలు మొలిచాయి. 2019 చివర్లో పేరున్న రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొందరిని వెంటబెట్టుకుని ఆ మొక్కలు పీకించాడు, ట్రాక్‌ని స్కాన్ చేసి కనీసం కంప్యూటర్ రేస్ గేమ్‌లోనైనా మిగల్చాలని. అక్కడి నుంచే ఊపు వచ్చింది. 2021లో రాష్ట్రం కరోనా సహాయ నిధుల్లోంచి 18 మిలియన్ డాలర్లు ఇచ్చింది. 2023 మేలో ఇక్కడ ఆల్‌స్టార్ రేసు (మేటి రేసర్ల ప్రత్యేక పోటీ, ఛాంపియన్‌షిప్ పాయింట్లు ఉండవు) జరిగింది, అదీ 1981లో వేసిన పాత తారు మీదే! 2026 షెడ్యూల్‌లో ఛాంపియన్‌షిప్ లెక్కలోకి వచ్చే పాయింట్ల రేసు కూడా పెట్టారు.

కాబట్టి డబ్బు ఇవ్వడం సరైన పనే అంటాను. నా భయమల్లా వేరే. ట్రాక్ ఒక ప్రైవేటు కంపెనీది, దాన్ని బతికించింది జనం సొమ్ము. రేపు ఇంకో పెద్ద నగరం ఎక్కువ లాభం చూపిస్తే తేదీలు మళ్లీ ఎగిరిపోవని నమ్మకం ఏంటి? ఇకమీదట ఏ ట్రాక్‌కి ప్రభుత్వం డబ్బు ఇచ్చినా, ఇన్నేళ్లపాటు ఇక్కడే రేసులు జరపాలి, లేకపోతే సొమ్ము వెనక్కి కట్టాలి అని కాగితం మీద రాయించుకోవాలి. ఏడాదికి ఒక పెద్ద పండగతో సరిపెట్టకుండా లోకల్ కుర్రాళ్ల రేసులకీ తేదీలు ఇవ్వాలి. ఇక్కడ ఓటున్న మనవాళ్లు తమ ప్రతినిధులకి ఈ మాట రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, షార్లెట్